పబ్‌మెడ్‌లో వందల పేపర్లు కనిపిస్తున్నాయి, సేవ్ చేస్తే పదే వస్తున్నాయి. ఎక్కడ తప్పు?

పీజీ_రెండో_ఏడు (ప్రశ్న)

కమ్యూనిటీ మెడిసిన్ పీజీ థీసిస్. అంశం: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. సాహిత్య సమీక్ష కోసం పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పేపర్లను వెతికే ఉచిత వెబ్‌సైటు) వాడుతున్నాను. నాలుగు చోట్ల ఆగిపోయాను.

1. "ఉద్దానం" అని కొడితే కొన్నే వస్తాయి. "క్రానిక్ కిడ్నీ డిసీజ్ అన్‌నోన్ కాజ్ ఇండియా" అని కొడితే సంబంధం లేనివి కుప్పలుగా వస్తాయి. ఉద్దానానికీ కిడ్నీకీ ఏ సంబంధమూ లేని పేపర్లు కూడా ఎందుకు వస్తున్నాయి?
2. ఫలితాలు వందల్లో ఉన్నా సేవ్ నొక్కితే వచ్చే ఎక్సెల్ ఫైలులో పదే వరసలు. వాటిలో అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) కూడా లేదు.
3. నిన్న చేసిన వెతుకులాటలు ఇవాళ చూస్తే హిస్టరీలో లేవు.
4. "సెర్చ్ స్ట్రాటజీని అనుబంధంగా పెట్టు" అన్నారు మా గైడ్. అందులో ఏం రాయాలి?

ఎన్‌డ్‌నోట్ (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) కొనే వీలు లేదు. ఉచితంగా అయ్యే దారి చెప్పగలరు.

---

గ్రంథాలయం_డెస్క్

ముందొక మాట. ఇక్కడ అందరం తెలుగు లిపిలోనే రాస్తున్నాం. పెట్టెలో టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఆర్ (ఏదైనా ఒకటి), యాండ్ (రెండూ), నాట్ (ఇది కాకుండా) అనేవి పెద్ద అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకోండి. చదివేవాళ్లకి ఏది పదమో ఏది ఆపరేటరో వెంటనే తెలుస్తుంది.

మీ రెండో ప్రశ్న తేలిక. సేవ్ నొక్కాక తెరుచుకునే పెట్టెలో రెండు గడులు ఉంటాయి. మొదటిది "సెలెక్షన్". అది "ఈ పేజీలోని ఫలితాలన్నీ" అనే దగ్గర నిలబడి ఉంటుంది. పేజీకి పది చొప్పున చూస్తున్నారు కనక పదే దిగాయి. దాన్ని "ఆల్ రిజల్ట్స్"కి మార్చండి. రెండోది "ఫార్మాట్". సీఎస్‌వీలో (మీరు ఎక్సెల్‌లో తెరిచిన ఫైలు) శీర్షిక, రచయితలు, పత్రిక, సంవత్సరం, డీఓఐ (పేపరు శాశ్వత లింకు నంబరు), పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చే నంబరు) లాంటివి వస్తాయి కానీ అబ్‌స్ట్రాక్ట్ రాదు. అది ఆ ఫార్మాట్ తీరు, మీ తప్పేమీ లేదు. అబ్‌స్ట్రాక్ట్ కావాలంటే "అబ్‌స్ట్రాక్ట్ టెక్స్ట్" గానీ "పబ్‌మెడ్" ఫార్మాట్ గానీ ఎంచుకోండి. ఒక్కసారికి పదివేల రికార్డులకు మించి దిగవు. మీ అంశానికి ఆ హద్దు తగలకూడదు. తగిలిందంటే పదాలు మరీ వదులుగా ఉన్నాయని అర్థం.

ఇక మొదటి ప్రశ్న, అసలు చిక్కు అక్కడే ఉంది. ట్యాగ్ (ఎక్కడ వెతకాలో చెబుతూ మాట వెనక బ్రాకెట్లో పెట్టే గుర్తు) లేకుండా మాట కొడితే పబ్‌మెడ్ దాన్ని తనకు తోచినట్టు విస్తరించుకుంటుంది. దీన్ని ఆటోమేటిక్ టర్మ్ మ్యాపింగ్ అంటారు. మాట మెష్ పట్టికలో (పేపర్లకు అంశాన్ని బట్టి తగిలించే ప్రామాణిక హెడింగుల జాబితా) ఉంటే ఆ హెడింగ్‌ని కలుపుతుంది, దాంతోపాటు అన్ని ఫీల్డుల్లోనూ వెతుకుతుంది. అన్ని ఫీల్డుల్లో రచయితల చిరునామా కూడా ఒకటి. అంటే మీరు "ఇండియా" అని ఊరికే కొడితే, భారతీయ సంస్థలో పనిచేసే ఎవరైనా రాసిన పేపరు, అది ఎలుకల మీద ప్రయోగమైనా సరే, లెక్కలోకి వస్తుంది. కుప్పలు వచ్చి పడటానికి సగం కారణం ఆ ఒక్క మాటే.

నిజంగా ఏం వెతికిందో చూడాలంటే అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి, హిస్టరీ పట్టికలో "డీటెయిల్స్" కింద ఉన్న బాణం నొక్కండి. మీరు రాసిన నాలుగు మాటలు ఎన్ని వరుసలయ్యాయో కనిపిస్తుంది. ప్రతి వెతుకులాట తర్వాతా అది చూడకుండా ముందుకు వెళ్లొద్దు.

ఊళ్లు, జిల్లాలు, దేశాల పేర్లకు [టిఐఏబి] ట్యాగ్ పెట్టండి. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, రచయితలిచ్చిన కీవర్డుల్లో మాత్రమే వెతుకుతుంది. చిరునామా జోలికి పోదు.

---

మెష్_మాలిక

పై సమాధానానికి కొనసాగింపుగా స్ట్రింగ్ (పెట్టెలో కొట్టే మాటల కూర్పు) కట్టే పద్ధతి చెబుతాను.

ఒకటే పొడుగాటి వాక్యంలా కొట్టొద్దు. అంశాన్ని గుంపులుగా విడగొట్టండి. ఒక్కో గుంపులో ఒకే భావానికి ఉన్న పర్యాయ పదాలన్నీ ఆర్‌తో కలపండి, గుంపుల్ని యాండ్‌తో కలపండి. మీకు మూడు గుంపులు: జబ్బు, కారణం తెలియకపోవడం, ప్రాంతం. కింద [ఎంహెచ్] అంటే మెష్ హెడింగ్ ట్యాగ్, సీకేడీ అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్, సీకేడీయూ అంటే కారణం తెలియని సీకేడీ.

జబ్బు:
("రీనల్ ఇన్‌సఫిషియెన్సీ, క్రానిక్"[ఎంహెచ్] ఆర్ "క్రానిక్ కిడ్నీ డిసీజ్"[టిఐఏబి] ఆర్ "క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్"[టిఐఏబి] ఆర్ నెఫ్రోపత్*[టిఐఏబి] ఆర్ సీకేడీ[టిఐఏబి])

కారణం తెలియకపోవడం:
("అన్‌నోన్ ఈటియాలజీ"[టిఐఏబి] ఆర్ "అన్‌సర్టెన్ ఈటియాలజీ"[టిఐఏబి] ఆర్ "అన్‌నోన్ కాజ్"[టిఐఏబి] ఆర్ "అన్‌నోన్ ఆరిజిన్"[టిఐఏబి] ఆర్ సీకేడీయూ[టిఐఏబి])

ప్రాంతం:
(ఉద్దానం[టిఐఏబి] ఆర్ శ్రీకాకుళం[టిఐఏబి] ఆర్ "ఆంధ్రప్రదేశ్"[టిఐఏబి])

ఇందులో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి.

"ఈటియాలజీ"ని అమెరికావాళ్లు ఈ అక్షరంతో మొదలుపెడతారు, బ్రిటిష్ పద్ధతిలో రాసేవాళ్లు ఏ, ఈ రెండు అక్షరాలతో. ట్యాగ్ పెట్టినా, కోట్స్ పెట్టినా పబ్‌మెడ్ మీ తరఫున స్పెల్లింగ్ సర్దుబాటు చేయదు. మన దేశపు పత్రికల్లోనూ శ్రీలంక పేపర్లలోనూ బ్రిటిష్ స్పెల్లింగ్ బాగా కనిపిస్తుంది. రెండూ విడివిడిగా రాయాల్సిందే. ఉద్దానం అనే పేరుకీ ఇదే గొడవ: డి తర్వాత హెచ్ ఉన్నదీ లేనిదీ రెండూ పెట్టండి.

నక్షత్రం గుర్తు (ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ పట్టుకొచ్చేది) ముందు కనీసం నాలుగు అక్షరాలు ఉండాలి. యు, డి, డి అని మూడక్షరాలు కొట్టి నక్షత్రం పెడితే పని చేయదు. నక్షత్రం పెట్టిన మాటకు మెష్ విస్తరణ కూడా ఆగిపోతుంది. అందుకే జబ్బు గుంపులో మెష్ హెడింగ్‌ని విడిగా ఇచ్చాను.

బ్రాకెట్లు మర్చిపోతే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా చేసుకుంటూ పోతుంది. "కిడ్నీ యాండ్ ఉద్దానం ఆర్ శ్రీకాకుళం" అని రాస్తే ముందు కిడ్నీ, ఉద్దానం కలుస్తాయి. ఆ తర్వాత శ్రీకాకుళం ప్రస్తావన ఉన్న ప్రతి పేపరూ వచ్చి చేరుతుంది, అది మలేరియా గురించైనా సరే. మీరు అడిగిన "ఏ సంబంధమూ లేనివి" కొన్ని ఇలా కూడా వచ్చి ఉండొచ్చు.

మెష్ ఒక్కటే నమ్ముకోవద్దు, ముఖ్యంగా ఇలాంటి అంశానికి. కొత్తగా చేరిన పేపర్లకు కొంతకాలం మెష్ హెడింగులు ఉండవు. అంతకంటే పెద్ద సంగతి: కొన్ని పత్రికలు మెడ్‌లైన్‌లో (మెష్ హెడింగులు తగిలించే పత్రికల సూచిక) లేకుండా, పబ్‌మెడ్ సెంట్రల్ (పూర్తి పేపర్ల ఉచిత నిలవ) ద్వారా మాత్రమే పబ్‌మెడ్‌లోకి వస్తాయి. వాటికి మెష్ ఎప్పటికీ పడదు. భారతీయ పత్రికల్లో ఇలాంటివి తక్కువేం కాదు. మెష్‌తోనే వెతికితే మన ప్రాంతం మీద మనవాళ్లు రాసినవే జారిపోతాయి.

మెష్ డేటాబేస్‌లో ప్రతి హెడింగ్ పేజీలోనూ దాన్ని ఏ సంవత్సరం ప్రవేశపెట్టారో ఉంటుంది. అది తప్పకుండా చూడండి. కొత్త హెడింగ్ వచ్చినప్పుడు పాత పేపర్లన్నిటికీ వెనక్కి వెళ్లి తగిలించరు.

మాటలు పక్కపక్కనే రాకపోవచ్చు అనుకుంటే దూరాన్ని బట్టి వెతికే వీలుంది, 2022 నవంబరు నుంచి పబ్‌మెడ్‌లో పని చేస్తోంది. "కిడ్నీ అన్‌నోన్"[టిఐఏబి:~5] అంటే ఆ రెండు మాటల మధ్య ఐదు మాటలకు మించి ఎడం లేకుండా, ఏ వరసలో ఉన్నా పట్టుకొస్తుంది. దీని లోపల నక్షత్రం పనిచేయదు.

ఇంకొకటి, ఇది నా గట్టి అభిప్రాయం: మూడు గుంపుల్నీ యాండ్‌తో బిగించి ఒక్కటే స్ట్రింగ్‌తో సరిపెట్టుకోవద్దు. రెండు వెతుకులాటలు చేయండి. మొదటిది, జబ్బు యాండ్ ప్రాంతం. ఇది ఉద్దానం గురించి. రెండోది, జబ్బు యాండ్ కారణం తెలియకపోవడం, ప్రాంతం లేకుండా. దీనిలోనే శ్రీలంక ఉత్తర మధ్య ప్రావిన్స్, ఎల్ సాల్వడార్, నికరాగువా పేపర్లు దొరుకుతాయి. మధ్య అమెరికా పరిశోధకులు దీన్ని "మీసోఅమెరికన్ నెఫ్రోపతీ" అంటారు, ఆ మాటను కూడా చేర్చండి. వాటితో పోల్చకుండా ఉద్దానం మీద చర్చ అధ్యాయం రాయలేరు.

---

పీజీ_రెండో_ఏడు

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. "ఇండియా"కి ట్యాగ్ పెట్టగానే తేడా తెలిసింది. రెండు సందేహాలు. స్ట్రింగ్ సరిగా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? పక్కనున్న "హ్యూమన్స్", "ఫ్రీ ఫుల్ టెక్స్ట్" ఫిల్టర్లు పెట్టుకోవచ్చా?

---

మెష్_మాలిక

పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. మీ అంశానికి తప్పనిసరిగా రావాల్సిన ఆరేడు పేపర్లు మీ గైడ్‌ని అడిగి తీసుకోండి. వాటి పీఎంఐడీ అంకెల్ని మధ్యలో ఖాళీ వదులుతూ పెట్టెలో వరసగా కొట్టండి. ఆ ఆరేడే వస్తాయి. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ పేజీలో ఈ వెతుకులాట అంకె తీసుకుని, నాట్ పెట్టి, మీ స్ట్రింగ్ అంకె పెట్టండి. ఉదాహరణకు #5 నాట్ #4. సున్నా వస్తే మంచిది. ఏదైనా పేపరు మిగిలిందంటే మీ స్ట్రింగ్ దాన్ని వదిలేసిందన్నమాట. దాని శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ చదివి వాళ్లు ఏ మాట వాడారో చూసి, సరైన గుంపులో చేర్చండి.

రెండు ఫిల్టర్లూ వద్దు. "హ్యూమన్స్" ఫిల్టర్ మెష్ మీద ఆధారపడి పనిచేస్తుంది. మెష్ లేని పేపర్లన్నీ మాయమవుతాయి, అవి మనుషుల మీద చేసినవే అయినా. జంతువుల అధ్యయనాలు తీసేయాలంటే చివర నాట్ (యానిమల్స్[ఎంహెచ్] నాట్ హ్యూమన్స్[ఎంహెచ్]) అని రాయండి. ఇది జంతువులవని ముద్ర పడినవాటినే తీసేస్తుంది, ముద్ర లేనివాటిని ముట్టుకోదు. "ఫ్రీ ఫుల్ టెక్స్ట్" పెడితే ఉచితంగా దొరికే పేపర్ల మీదే మీ సమీక్ష నిలబడుతుంది, అది సమీక్షే కాదు.

పైగా ఒకసారి పెట్టిన ఫిల్టరు తర్వాతి వెతుకులాటలకూ అంటిపెట్టుకునే ఉంటుంది. ఫలితాలు ఉన్నట్టుండి తగ్గిపోతే ముందు పైన "ఫిల్టర్స్ అప్లయిడ్" వరస చూసి, "క్లియర్ ఆల్" నొక్కండి.

---

జొటెరో_సాయం

సేవ్ చేయడం గురించి నేను చెబుతాను. ఇందులో స్ట్రింగ్‌ని దాచుకోవడం వేరు, ఫలితాల్ని దాచుకోవడం వేరు. రెండూ చేయాలి. ఒకటి చేసి రెండోది అయిపోయిందనుకోవడం వల్లే చాలా థీసిస్‌లలో లెక్కలు తేలవు.

హిస్టరీ ఎందుకు పోయిందంటే, ఎనిమిది గంటలు కదలిక లేకపోతే పబ్‌మెడ్ దాన్ని చెరిపేస్తుంది. కాబట్టి #4, #5 అంకెలు ఆ పూటకే. థీసిస్‌లో "#3 యాండ్ #4" అని మాత్రమే రాస్తే రేపు మీకే అర్థం కాదు. స్ట్రింగ్ మొత్తం నోట్‌ప్యాడ్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంచుకోండి. అదే పూట అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ పట్టిక పైనున్న "డౌన్‌లోడ్" నొక్కితే వెతుకులాట, ఫలితాల సంఖ్య, సమయం అన్నీ సీఎస్‌వీగా దిగుతాయి. మీ నాలుగో ప్రశ్నకు సగం జవాబు ఆ ఫైలే.

క్లిప్‌బోర్డు కూడా తాత్కాలికమే: 500 పేపర్లు పడతాయి, ఎనిమిది గంటలు వాడకపోతే ఖాళీ. నాలుగైదు వెతుకులాటల్లోంచి ఏరుకున్నవి ఒకచోట పోగేయడానికి బాగుంటుంది, దాచుకోవడానికి కాదు.

నిలవ ఉండాలంటే మై ఎన్‌సీబీఐ (పబ్‌మెడ్‌ను నడిపే సంస్థ) ఖాతా తెరవండి, ఉచితం. 2021 జూన్ నుంచి దానికి సొంత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లేవు. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఓర్సిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) లాంటి వేరే ఖాతాతో లోపలికి వెళ్లాలి. కాలేజీ మెయిలుతో ఒక్కదానితోనే తెరవొద్దు. కోర్సు అయ్యాక ఆ మెయిలు తీసేస్తే మీ నిలవంతా అందకుండా పోతుంది. ఓర్సిడ్‌ని కూడా అదే ఖాతాకు జతచేసుకోండి.

ఖాతాలో పనికొచ్చేవి రెండు. "క్రియేట్ అలర్ట్" స్ట్రింగ్‌ని దాచి, రోజూ గానీ వారానికోసారి గానీ నెలకోసారి గానీ కొత్తవి మెయిలు చేస్తుంది. ఒక్కో మెయిలులో ఎన్ని పేపర్లు పంపాలనే గడి ఉంటుంది, అంకె తక్కువగా ఉంటే పెంచండి. "కలెక్షన్స్" పేపర్లను దాస్తుంది. అలర్ట్‌లో దాచిన స్ట్రింగ్‌ని మూడు నెలల తర్వాత నడిపితే అప్పటికి చేరినవి కూడా కలిపి చూపిస్తుంది. ఇవాళ్టి జాబితా ఇవాళ్టిలాగే ఉండాలంటే కలెక్షన్‌లోనో ఫైలుగానో పెట్టాలి.

ఎన్‌డ్‌నోట్ అక్కర్లేదు, జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. వరస ఇదీ: ఫలితాల పైన "సెండ్ టు" నొక్కి "సైటేషన్ మేనేజర్" ఎంచుకోండి. సెలెక్షన్‌లో "ఆల్ రిజల్ట్స్" పెట్టి "క్రియేట్ ఫైల్" నొక్కండి. ఎన్‌బీఐబీ ఫైలు దిగుతుంది. దాని పేరును వెంటనే మార్చండి: డేటాబేస్, తేదీ, వెతుకులాట నంబరు, ఫలితాల సంఖ్య, నాలుగూ పేరులోనే ఉండాలి. జొటెరోలో ఫైల్ మెనూలో "ఇంపోర్ట్" ఎంచుకుని ఆ ఫైలు చూపించండి, కొత్త కలెక్షన్‌లో పెట్టమనండి. అబ్‌స్ట్రాక్ట్‌లతో సహా వస్తాయి. ఇంపోర్ట్ అయ్యాక లెక్క పబ్‌మెడ్ చూపిన సంఖ్యతో సరిపోయిందో లేదో అప్పుడే చూసుకోండి.

రెండు వెతుకులాటల్లోనూ వచ్చిన పేపర్లు రెండుసార్లు పడతాయి. ఎడమ పక్క "డూప్లికేట్ ఐటెమ్స్"లో వాటిని కలిపేయండి. కలిపేముందు మొత్తం ఎన్ని, కలిపాక ఎన్ని అనేది రాసి పెట్టుకోండి. ప్రిస్మా బొమ్మలో (ఎన్ని పేపర్లు దొరికాయి, ఎన్ని మిగిలాయి అని చూపే పటం) మొదటి రెండు పెట్టెలు ఆ అంకెలతోనే నిండుతాయి. జొటెరో సర్వర్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ. అది జతచేసిన పీడీఎఫ్‌లకే వర్తిస్తుంది, రికార్డులకు కాదు. వెనక్కి తీసుకున్న పేపర్లకు జొటెరో ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని దాటి వెళ్లొద్దు.

---

గ్రంథాలయం_డెస్క్

అనుబంధంలో ఏం రాయాలో చెప్పి ముగిస్తాను. డేటాబేస్ పేరు, వెతికిన తేదీ, స్ట్రింగ్ ఉన్నదున్నట్టు ఒక్క అక్షరం మార్చకుండా, పెట్టిన హద్దులు, వచ్చిన సంఖ్య. వెతుకులాటను ఎలా రాయాలో చెబుతూ 2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ చెక్‌లిస్టు ఇవే అడుగుతుంది. "తగిన కీవర్డులతో పబ్‌మెడ్‌లో వెతికాము" అని ఒక్క వాక్యం రాస్తే ఎగ్జామినర్ దాన్ని తిరిగి చేసి చూడలేరు.

థీసిస్ సమర్పించేముందు ఒకసారి మళ్లీ వెతకాల్సి ఉంటుంది. అప్పుడు ప్రచురణ తేదీ [డిపి] వాడొద్దు. పాత తేదీతో ఆలస్యంగా చేరే పేపర్లుంటాయి. [ఈడాట్] (పబ్‌మెడ్‌లో చేరిన తేదీ) కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. ప్రచురణ అయిన ఏడాది దాటాక చేరిన పేపరుకు అక్కడ ప్రచురణ తేదీయే వేస్తారు. [సీఆర్‌డిటి] వాడండి, రికార్డు పుట్టిన రోజు అదే. మొదటిసారి వెతికిన తేదీ నుంచి ఇవాళ్టి వరకు అని ఇస్తే కొత్తవి మాత్రమే వస్తాయి.

మన రచయితల పేర్లతో వెతికేటప్పుడు జాగ్రత్త. పబ్‌మెడ్ ఇంటిపేరు, ఆ వెనక పొడి అక్షరాలు అనే పద్ధతిలో నిలవ చేస్తుంది. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాసి, సొంత పేరును చివర పెడతాం కనక, పత్రిక ఆ చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటుంది. ఒకే మనిషి మూడు నాలుగు రూపాల్లో ఉంటారు. పూర్తి పేర్లు 2002 నుంచే ఉన్నాయి. సంస్థ పేరుతో వెతుకుదామనుకుంటే, 2013 వరకు మొదటి రచయిత చిరునామా మాత్రమే ఎక్కించేవారు. విశాఖపట్నం అని [ఏడి] (చిరునామా) ట్యాగ్‌తో వెతికితే పాతవాటిలో చాలా తప్పిపోతాయి, వైజాగ్ అని రాసుకున్నవి వేరే.

పబ్‌మెడ్ ఒక్కటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి గ్లోబల్ ఇండెక్స్ మెడికస్ ఉచితం. అందులో ఆగ్నేయాసియా ప్రాంతపు సూచిక ఐఎంఎస్‌ఈఏఆర్ కలిసి ఉంది, పబ్‌మెడ్‌కు ఎక్కని మన పత్రికలు దొరుకుతాయి. పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధగంగ చూడండి. గూగుల్ స్కాలర్ మొదటి వెయ్యి ఫలితాలకు మించి చూపించదు, వాటిని ఒక్కదెబ్బకు దించుకునే మీట కూడా లేదు. దాన్ని ఫలానా పేపరును ఎవరు ఉదహరించారో చూడటానికే వాడండి.

ఫుల్ టెక్స్ట్ సంగతి: మీది ప్రభుత్వ కాలేజీ అయితే 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద మీ సంస్థ నమోదైందో లేదో లైబ్రరీలో అడగండి. 30 ప్రచురణ సంస్థల పత్రికలు అందులో ఉన్నాయి. పబ్‌మెడ్‌లో "ఫ్రీ" అని లేకపోయినా క్యాంపస్ నెట్ మీద తెరుచుకోవచ్చు. అందుకే ఏ పేపరునూ "దొరకలేదు" అని పక్కన పెట్టేముందు క్యాంపస్‌లోంచి ఒకసారి డీఓఐ లింకు నొక్కి చూడండి.

---

పీజీ_రెండో_ఏడు

సెలెక్షన్ మార్చాక మొత్తం దిగాయి, జొటెరోలో లెక్క సరిపోయింది. పరీక్షలో ఒక పేపరు మిగిలింది. దానిలో "క్రానిక్ కిడ్నీ డిసీజ్" బదులు "క్రానిక్ రీనల్ డిసీజ్" అని ఉంది. ఆ మాటను జబ్బు గుంపులో చేర్చి మళ్లీ నడిపితే సున్నా వచ్చింది. హిస్టరీ ఫైలు, స్ట్రింగ్ టెక్స్ట్ ఫైలు, ఎన్‌బీఐబీ మూడూ తేదీ వేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టాను. రేపు గ్లోబల్ ఇండెక్స్ మెడికస్‌లో మొదలుపెడతాను.